గ్రేడీ వాళ్ళ మెట్లు

బెర్నడీన్ కాఫీలో చెంచా తిప్పుతున్న చప్పుడు తప్ప వంటింట్లో ఇంకేమీ వినిపించడం లేదు.

తొమ్మిది రోజులుగా ఇదే వరస. వాల్ట్ తల్లికి ఎదురుగా కూర్చోవడం మానేశాడు. రొట్టెముక్క చేత్తో పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, పెరట్లో కరుగుతున్న మంచును చూస్తూ తింటాడు. చెప్పదలచుకున్నది ఉంటే భార్యతో చెబుతాడు. తల్లీ అంతే. కొరీన్ బల్ల చివర కూర్చుని ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోస్తోంది.

"కోరీ, మా అమ్మకి చెప్పు. రేపు గురువారం."

"మీ ఆయనకి చెప్పు కోరీ. నాకూ కేలండరు చూడ్డం వచ్చు."

"సాయంత్రం ఆరింటికి బోర్డు కూర్చుంటుందని చెప్పు. అప్పటికి ఆ కాగితం మీద సంతకం లేకపోతే కాలేజీ గుట్ట దిగదు. ఎల్లుండి నుంచి తన కొడుకు ఇంట్లోనే కూర్చుంటాడు. అది కూడా చెప్పు."

చెంచా ఆగింది.

"నేను అడిగింది ఒక్కటే," అంది బెర్నడీన్. ఈసారి కోడలి వైపు కూడా చూడలేదు. "మెట్లెన్ని?"

"ఇరవై ఏడు. నిన్న చెప్పాను, మొన్న చెప్పాను. ప్లానులో ఇరవై ఏడు. లాయరు లెక్కలో ఇరవై ఏడు."

"కాదు."

వాల్ట్ మిగిలిన రొట్టె సింకులో పడేసి కోటు తీసుకున్నాడు. వాకిట్లో ట్రక్కు స్టార్టయి, వీధి మలుపు తిరిగేదాకా అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆ చప్పుడే వింటూ కూర్చున్నారు.

కార్వర్ ఫాల్స్‌లో ఆ మెట్ల సంగతి తెలియనివాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

యాభై ఏళ్ళుగా కాలేజీ ఊరి బయట గుట్ట మీద, మొక్కజొన్న చేల మధ్యన ఉంది. కింద ఊరి నడిబొడ్డేమో మిల్లులు మూతపడ్డ తర్వాత ఒక్కో దీపమూ ఆరిపోతూ వచ్చింది. మెయిన్ స్ట్రీట్‌లో కిటికీలకి అద్దాలకన్నా చెక్కలే ఎక్కువ. మూడేళ్ళు కొట్లాడుకుని చివరికి ఊరి పెద్దలూ కాలేజీ వాళ్ళూ ఒక మాట మీదికి వచ్చారు. పంతొమ్మిదేళ్ళుగా మూసి ఉన్న గ్రేడీ స్టోర్‌లోకి కాలేజీని దింపాలి. రోజూ రెండువేలమంది పిల్లలు ఆ వీధిలో నడిస్తే మంగలిషాపూ తెరుచుకుంటుంది, టిఫిను దుకాణమూ తెరుచుకుంటుంది.

కాలేజీ భవనాల బాధ్యత వాల్ట్‌ది. గోడలు, కప్పు, మెట్లు సమస్తం గ్రేడీ వాళ్ళవేననీ, భవనం పూర్తిగా ఖాళీగా ఉందనీ రాసిన కాగితం మీద సంతకం పెట్టింది అతనే.

పోయిన నెలలో సర్వేయరు టేపు పట్టుకుని వచ్చి కొలిచాడు. గ్రేడీ స్టోర్‌కి సొంత మెట్లే లేవు. పై అంతస్తులకు వెళ్ళే దారి గోడకి ఇవతల ఉంది, ఏడడుగులు లోపలికి, పక్కనున్న జీలక్ వాళ్ళ బట్టలూ గుండీల కొట్లో. వందేళ్ళ కిందట ఇద్దరు స్నేహితులు పక్కపక్కన కట్టుకున్నారు. ఇద్దరికీ ఒక్క మెట్లదారి చాలనుకున్నారు. ఎక్కడా రాసుకోలేదు.

ఆ జీలక్ కొట్టు బెర్నడీన్‌ది. ఆ మెట్లు కాలేజీకి అమ్ముతున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆమే.

కొత్తగా మెట్లు కట్టాలంటే ప్లానంతా మళ్ళీ గీయాలి. రాష్ట్రం ఇస్తానన్న సహాయం అందాకా ఆగదు, వేరే ఊరికి పోతుంది. సొంత ఇంటి మెట్లేవో తెలియని భవనాల అధికారి అని చేపల వేపుడు విందుల్లో, పెట్రోలు బంకుల్లో ఊరంతా నవ్వుకుంది.

కొరీన్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు వాల్ట్ ఆ మెట్ల మీద పరుగులు పెడుతుంటే కింద కొట్లో పైకప్పు అదిరి గుండీల డబ్బాలు గలగలలాడేవి. బెర్నడీన్ ఒకరోజు గట్టిగా చెప్పేసింది, అవి గ్రేడీ వాళ్ళ మెట్లు, అక్కడ ఆడితే వాళ్ళొచ్చి చెవులు మెలేస్తారని. తలుపు మీద గ్రేడీ పేరు బంగారు రంగులో ఉండనే ఉంది. పిల్లవాడు నమ్మాడు. నలభై ఏళ్ళు నమ్మాడు.

"నువ్వే చెప్పావు కదమ్మా." వాల్ట్ తల్లితో నేరుగా అన్న ఆఖరి మాట అది. ఆ రాత్రి ఆమె అన్నం బల్ల దగ్గరికి రాలేదు. మర్నాటి నుంచి మొదలుపెట్టింది, మెట్లెన్ని అని.

కొరీన్ పద్నాలుగేళ్ళుగా కాలేజీలో ప్రవేశాల కౌంటరు వెనక కూర్చుంటోంది. ఆ గాజు కిటికీ ఆమెకొక సంగతి నేర్పింది. జనం అడిగే ప్రశ్న వెనక అడగాలనుకున్న ప్రశ్న వేరే ఉంటుంది. కారు ఎక్కడ పెట్టుకోవాలని మూడుసార్లు అడిగే యాభై ఏళ్ళ మనిషికి కావలసింది కారు సంగతి కాదు, ఈ వయసులో నన్ను చూసి నవ్వరు కదా అని.

అందుకే అత్తగారి ప్రశ్న ఆమెకు కంట్లో నలుసులా తిరుగుతోంది. ఇంకా ఎక్కువ సొమ్ము కావాలంటే బెర్నడీన్ మొహమాటపడే మనిషి కాదు, దారాల ఏజెంట్లను ఏడిపించిన మనిషి. కాలేజీ రావడం ఇష్టం లేకపోతే ఒద్దనే అంటుంది, ఒకసారి చర్చి ఫాదరుకే ఒద్దని చెప్పింది. అవునూ అనదు, కాదూ అనదు. ఒక అంకె అడుగుతుంది.

"కొట్టు దగ్గర దింపనా అమ్మా?" అంది కొరీన్. పెళ్ళయిన రోజు నుంచీ ఆమె కూడా అమ్మా అనే పిలుస్తుంది.

"బస్సు పాసు ఉందిగా. దాన్ని వృథా చెయ్యడం ఎందుకు?"

బెర్నడీన్ అలమార తెరిచి గసగసాల రొట్టెచుట్ట మొత్తం తీసి కాగితంలో చుట్టింది. ఫ్లాస్కు నిండా టీ పోసుకుంది. రెండూ సంచిలో పెట్టుకుని, కుడి మోకాలు మీద చెయ్యి వేసి లేచింది. ఆరేళ్ళ కిందట ఆపరేషన్ అయిన మోకాలు. మేడమెట్లు ఎక్కలేదని ఆమె పడకగదిని వాల్ట్ కిందికి మార్చాడు.

కిటికీలోంచి కొరీన్ నాలుగో నంబరు బస్సు ఆమెను ఎక్కించుకోవడం చూసింది. ఒక్క మనిషికి అంత రొట్టెచుట్ట ఎందుకు? రోజుకి ముగ్గురు గిరాకీలు వస్తే గొప్ప అయిన కొట్టు. పైగా బెర్నడీన్ టీ తాగదు.

ఆఫీసుకు ఫోన్ చేసి మధ్యాహ్నం నుంచి వస్తానని చెప్పింది కొరీన్.

పది దాటాక మెయిన్ స్ట్రీట్‌లో కారు ఆపింది. గ్రేడీ స్టోర్ కిటికీలకు లోపల గోధుమరంగు కాగితాలు అంటించి ఉన్నాయి. వాటి మీదుగా, "మీ ముంగిటికి వస్తున్నాం" అని కాలేజీ కట్టిన నీలం గుడ్డ. తడిసి ఒక మూల వేలాడుతోంది.

కొట్టు తలుపు తెరిస్తే గంట మోగింది. ఎవరూ లేరు. గల్లా బల్ల మీద అట్టముక్క ఉంది, "ఇప్పుడే వస్తాను" అని. గుండీల డబ్బాలు, వెడల్పు పట్టీలు, లేసు చుట్టలు, అన్నీ ఎప్పటి చోట్లో అవే ఉన్నాయి. మనిషి మాత్రం లేదు. వెనక గదిలోనూ లేదు.

పక్క గోడలో పాత తలుపు. బంగారు అక్షరాలు సగానికి పైగా రాలిపోయాయి. ఇన్నేళ్ళలో కొరీన్ ఆ తలుపు తెరిచి ఎరగదు. ఎవరివో మెట్లు, తనకెందుకు అనుకుంది. వాల్ట్ లాగే.

గొళ్ళెం నూనె రాసినట్టు తేలిగ్గా జారింది.

ఒకటి, రెండు. పైకే లెక్కపెట్టింది. ప్రతి మెట్టూ నడుమ అరిగి చెంచాలా గుంటపడింది. పన్నెండు దగ్గర మలుపు. అక్కడ ఆగితే పైనుంచి ఏదో గుయ్యిమంటున్న చప్పుడు వినిపించింది. తేనెటీగలు తుట్టె పెట్టాయేమో అనుకుంది. పదమూడు, పద్నాలుగు.

ఇరవై ఏడు దగ్గర మెట్లు అయిపోయాయి. ప్లాను నిజమే. కానీ పై తలుపు గడప బాగా ఎత్తు. మోకాలు నొప్పి ఉన్న మనిషి ఎక్కలేనంత ఎత్తు. దాని ముందు ఎవరో ఇంకో మెట్టు పెట్టారు. పచ్చి పైను చెక్క, ఇంకా వాసన పోలేదు, అంచులు చేత్తో నున్నగా అరగదీసి ఉన్నాయి.

ఇరవై ఎనిమిది.

దాని మీద నిలబడి తలెత్తింది. గుమ్మం పైన సుద్దతో రాసి ఉంది. ఏటా జనవరి ఆరున చర్చిలో దీవించి ఇచ్చే సుద్దతో ఇంటి గుమ్మాల మీద బాలయేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల పేర్లలో మొదటి అక్షరాలూ, ఆ ఏటి అంకెలూ రాసుకుంటారు. ఇవి ఈ ఏటివి. ఒక అక్షరానికి కాలు పొడుగ్గా లాగే అలవాటు ఎవరిదో కొరీన్‌కి తెలుసు. ఇంట్లో మాత్రం ఈ జనవరిలో, స్టూలు ఎక్కలేనని సుద్ద వాల్ట్ చేతికి ఇచ్చింది ఆ మనిషే.

కొరీన్ తలుపు తోసింది.

గుయ్యిమన్నవి తేనెటీగలు కావు, కుట్టుమిషన్లు. ఎనిమిది ఉన్నాయి, కిటికీల వెంట వరసగా. ఏడింటి ముందు ఏడుగురు ఆడవాళ్ళు. ఒకప్పుడు గ్రేడీ వాళ్ళు టోపీలూ చేతితొడుగులూ అమ్మిన గది అది, అద్దాల బీరువాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో ఇప్పుడు సగం కుట్టిన చొక్కాలు వేలాడుతున్నాయి. నడుమ బల్ల మీద ఫ్లాస్కు, ముక్కలు కోసిన గసగసాల రొట్టె.

బెర్నడీన్ మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదులతో, ఎవరిదో కాలరు సరిచేస్తోంది. కోడలిని చూసి ఉలిక్కిపడలేదు. సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చింది.

"ఎన్ని?"

"ఇరవై ఎనిమిది," అంది కొరీన్.

"కూర్చో. రొట్టె తిను."

కొరీన్ కూర్చోలేదు. కిటికీ దగ్గరి మిషను ముందున్న సన్నటి మనిషి తనవైపే చూస్తోంది. ఎక్కడో చూసిన ముఖం.

"మీరే కదా మేడం, గాజు వెనక," అంది ఆమె. "నా పేరు దిల్‌మాయా. రెండుసార్లు వచ్చాను. కుట్టు క్లాసుకి."

గుర్తొచ్చింది. నేపాలీ మనిషి. ఒక చలికాలం సాయంత్రం, ఫారం అంతా వంకరలేని అక్షరాలతో నింపి తెచ్చింది. క్లాసు ఏడింటికి వదులుతారనీ, గుట్ట దిగే ఆఖరి బస్సు అయిదూ నలభైకేననీ ఆమెకు చెప్పింది కొరీనే. మర్యాదగానే చెప్పింది. రెండోసారి వచ్చినప్పుడూ అదే చెప్పింది.

"ఆ రోజు ఎలా వెళ్ళారు?" అని అడిగింది కొరీన్. అడిగాక, నాలుగేళ్ళు ఆలస్యంగా అడిగానని అనిపించింది.

"నడిచి. బస్సు అప్పటికే పోయింది. కోటు జిప్పు ఊడిపోయింది. చలి. కింద ఈ కొట్టు తెరిచి ఉంది. జిప్పు కొనడానికి వచ్చాను."

మిగతాది బెర్నడీన్ చెప్పింది, గుడ్డ మీద చూపు తీయకుండా, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు. జిప్పు అమ్మితే, ఎలా వేయాలో చూపించమంది దిల్‌మాయా. తను చూపించింది. మరుసటి వారం ఆడబడుచును వెంట తెచ్చింది. తర్వాత ఒఫీలియా వచ్చింది, ఆమెతో ఇద్దరు గ్వాటెమాలా వాళ్ళు. కింద కొట్లో చోటు చాల్లేదు. పైన ఇంత గది, ఇంత వెలుతురు, పావురాలు కాపురం చేస్తున్నాయి. మంగళవారం, బుధవారం, పొద్దున పూట. ఇక్కడ నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. ఆ కొత్త మెట్టు ఒఫీలియా మొగుడు చేసిపెట్టాడు, ఆయన వడ్రంగి. సుద్ద రాసే రోజున ఇద్దరు పట్టుకుని తనను కుర్చీ ఎక్కించారు.

"వాల్ట్‌కి ఎందుకు చెప్పలేదమ్మా?"

"మెట్లు నావి. గది నాది కాదు. అప్పుడు గ్రేడీ వాళ్ళది, ఇప్పుడు మీ కాలేజీది. ఎవర్నీ అడక్కుండా నాలుగేళ్ళు వాడుకున్నాను. చెబితే వాడు కొడుకుగా వింటాడా, అధికారిగా వింటాడా? లాయరు చెవిన పడితే నా మీద కేసు." దారం పంటితో తెంపింది. "పోనీ, కాగితం రాసి అడుగుదామనుకున్నాను. అడిగితే అది అర్జీ అవుతుంది కోరీ. బల్ల మీద పడుంటుంది. ఎవరో ఒకరు ఎక్కి వచ్చి చూడాలి. మెట్లు కావాలన్నవాళ్ళు ఒక్కసారైనా మెట్లు ఎక్కాలి కదా."

నాలుగు వారాలుగా లాయర్లు, ఇంజనీర్లు, బోర్డు వాళ్ళు ఆ మెట్ల గురించి ఎన్ని మాటలు మాట్లాడారో కొరీన్‌కి తెలుసు. సర్వేయరు కూడా కింద గోడ కొలిచి వెళ్ళిపోయాడు. ఒక్కరూ ఎక్కలేదు.

"మీకేం కావాలి?"

"ఈ గది. వారానికి రెండు పొద్దులు. మెట్లు ఊరికే తీసుకోమను."

అంత చిన్న సంగతా అని కొరీన్‌కి ఒక్క క్షణం నవ్వొచ్చింది. వెంటనే ఆ గది రంగుల బొమ్మ కళ్ళముందు నిలిచింది. కాలేజీ వాళ్ళు గోడకి తగిలించిన బొమ్మ. ఈ కిటికీలే. వీటి ముందు మెత్తటి సోఫాలు, కాఫీ యంత్రం, పైన "స్వాగత మందిరం" అన్న పేరు. అందులో అటూ ఇటూ నడుస్తున్న మనుషులకు ముఖాలు వేయలేదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. భవనం పూర్తిగా ఖాళీగా ఉంది. వాల్ట్ సంతకం పెట్టిన కాగితంలో మెట్ల మాట కిందనే ఉన్న మాట అది. ఒక తప్పుకి ఊరు నవ్వి ఊరుకుంది. రెండోది కూడా అతని తల్లి మూలంగానే బయటపడితే, దాన్ని పొరపాటని ఎవరు నమ్ముతారు? కావాలనే దాచాడంటారు.

"అమ్మా, ఇది బయటపడితే వాల్ట్..."

మాట పూర్తికాలేదు. కింద కొట్టు గంట మోగింది.

బెర్నడీన్ చెయ్యి ఎత్తింది. మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. కింద ఎవరో మాట్లాడుతున్నారు. గొళ్ళెం జారిన చప్పుడు. తర్వాత, గొంతు తగ్గించుకోకుండా, పంతం పట్టిన పిల్లవాడిలా, వాల్ట్ గొంతు.

"ఒకటి. రెండు. మూడు."

వచ్చాడు. తొమ్మిది రోజులకి. బెర్నడీన్ ముఖంలోకి ఏదో వెలుగు వచ్చినట్టయింది కానీ అంతలోనే కళ్ళు చిట్లించి చెవి ఒగ్గింది. కొరీన్‌కీ వినిపించింది. మెట్ల మీద నడుస్తున్నది ఒక్క జత బూట్లు కాదు. వాటి వెనక ఇంకో అడుగు, తేలిగ్గా, టక్కుటక్కుమంటూ. కాలేజీ వసారాలో ఆ చప్పుడు వినగానే అందరూ కుర్చీల్లో సర్దుకుంటారు. ప్రెసిడెంటు డాక్టర్ లాంబర్ట్.

"పదకొండు. పన్నెండు." మలుపు దగ్గర ఆగారు. ఊపిరి తీసుకుంటూ ఆవిడ ఏదో అంటోంది. మెట్లు గట్టిగానే ఉన్నాయే అన్నట్టుంది.

ఒఫీలియా సంచి అందుకుంది. మిగతావాళ్ళు గబగబా గుడ్డలు మడవసాగారు. బీరువా పక్కన ఇంకో తలుపేదైనా ఉందా అని కొరీన్ వెతికింది. లేదు. ఈ అంతస్తుకి దారి ఒక్కటే. ఊరంతా కొట్లాడుకుంటున్నది దానికోసమే.

"ఎవరూ లేవకండి," అంది బెర్నడీన్ నెమ్మదిగా. "దిల్‌మాయా, ఆ చంక కుట్టు సగంలో ఉంది. కానియ్యి."

"పందొమ్మిది. ఇరవై."

దిల్‌మాయా కానివ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కొరీన్ వైపు చూసింది. ఆ చూపులో ఫిర్యాదేమీ లేదు. గాజు కిటికీ ఇవతల నిలబడి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూసిన చూపే అది.

కొరీన్ కోటు విప్పింది. మెడలో కాలేజీ గుర్తింపు కార్డు ఉంది. దాన్ని లోపలికి దోపుకోబోయి ఆగింది. ఎనిమిదో మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంటే లాక్కుని కూర్చుంది.

"ఇరవై ఆరు. ఇరవై ఏడు. చూశారా డాక్టర్, నేను చెప్పినట్టే..."

వాల్ట్ గొంతు తెగిపోయింది. కొత్త చెక్క మీద బూటు పడిన చప్పుడు వేరేగా ఉంది. అడుగులు అక్కడే ఆగాయి. సుద్ద రాతను చూస్తున్నాడని కొరీన్‌కి అర్థమైంది.

"ఇరవై ఎనిమిది," అన్నాడు తలుపు అవతల, ఎవరితోనూ కాకుండా.

తలుపు తెరుచుకుంది.

వాల్ట్ మొదట మిషన్లను చూశాడు, తర్వాత తల్లి మెడలోని టేపును, చివరికి భార్యను. అతని భుజం మీదుగా డాక్టర్ లాంబర్ట్ లోపలికి వచ్చి, వేలాడుతున్న చొక్కాలను, పలక మీద సుద్దముక్కతో గీసిన చేతి కొలతలను, రొట్టె ముక్కలను ఒక్కొక్కటిగా చూసింది. కుట్టడం పూర్తయిన కాలరొకటి చేతిలోకి తీసుకుని తిరగేసి కుట్టు చూసింది. అప్పుడు ఆమె కన్ను కొరీన్ మెడలోని కార్డు మీద పడింది.

"కొరీన్," అంది ఆమె. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న కుతూహలమే ఉంది. "ఇది మన క్లాసేనా?"

వాల్ట్ తల అడ్డంగా ఊపాడో ఊపలేదో తెలియనంత కొద్దిగా కదిపాడు. బెర్నడీన్ సూదుల దిండు వైపు చూస్తోంది.

దిల్‌మాయా చూపు మాత్రం కొరీన్ ముఖం మీదనే ఉంది.